క్లస్టర్‌లో నడిచే డేటాబేస్‌కు కొత్త మౌంట్ చేర్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటాబేస్‌కు చోటు చాలడం లేదు, స్టోరేజీ టీమ్ కొత్త డిస్క్ ఇచ్చింది, దాన్ని మౌంట్ చేసి (అంటే ఒక డైరెక్టరీగా కనిపించేలా తగిలించి) క్లస్టర్‌లో కలపాలి. వినడానికి చిన్న పనే. అయినా ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాం. జవాబులు ఎక్కువగా లైనక్స్ మీద పేస్‌మేకర్ అనే క్లస్టర్ మేనేజర్‌తో నడిచే క్లస్టర్ల గురించి. అంటే ఒక నోడ్ (క్లస్టర్‌లోని మెషీన్) పనిచేస్తూ ఇంకోటి సిద్ధంగా ఉండి, డిస్క్ మాత్రం ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే రకం. వేరే రకాల గురించి అడిగినచోట ఆ సంగతి విడిగా చెప్పాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక లైను రాస్తే సరిపోదా? క్లస్టర్‌కు విడిగా ఎందుకు చెప్పాలి?

సరిపోదు, పైగా ప్రమాదం. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్ల జాబితా ఉండే ఫైలు) మామూలుగా రాస్తే మెషీన్ బూట్ కాగానే లైనక్స్ సర్వీసులను లేపే సిస్టమ్‌డీ దాన్ని మౌంట్ చేస్తుంది. రెండు నోడ్లలోనూ ఆ లైను ఉంటే రెండూ ఒకే డిస్క్‌ను ఒకేసారి మౌంట్ చేస్తాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లు ఒక్క మెషీన్ కోసం రాసినవి. ఒక నోడ్ మెమరీలో ఉన్న మెటాడేటా సంగతి రెండో నోడ్‌కు తెలియదు, ఎవరికి వారు రాసుకుంటూ పోతారు, ఫైల్ సిస్టమ్ పాడవుతుంది.

ఒక్క నోడ్‌లోనే రాస్తే? అప్పుడు ఫెయిలోవర్ (పని రెండో నోడ్‌కు మారడం) జరిగిన రోజున రెండో నోడ్‌లో ఆ మౌంట్ ఉండదు, డేటాబేస్ లేవదు. మౌంట్‌ను క్లస్టర్‌లో చేర్చడమంటే నిజానికి ఒక షరతు రాయడం: ఇది ఒక సమయంలో ఒక్క నోడ్‌లోనే ఉండాలి, ఇది లేకుండా డేటాబేస్ మొదలవకూడదు, ఇది పోతే డేటాబేస్ కూడా ఆగాలి. పేస్‌మేకర్ తరఫున మౌంట్ పని చేసే ఫైల్‌సిస్టమ్ ఏజెంట్‌కు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఎంట్రీ అక్కర్లేదు. డివైజ్, డైరెక్టరీ, ఫైల్ సిస్టమ్ రకం చెబితే చాలు. ఏదో కారణంగా ఎంట్రీ ఉంచాల్సి వస్తే బూట్ వేళ దానంతటదే మౌంట్ కాకుండా ఆపే నోఆటో ఆప్షన్ తప్పకుండా పెట్టండి.

డేటాబేస్‌కు సంబంధించిన ప్రతి మౌంట్‌నూ గ్రూపులో పెట్టాలా? బ్యాకప్ డైరెక్టరీ కూడానా?

ఇక్కడ కాస్త ఆలోచించాలి. రిసోర్స్ అంటే క్లస్టర్ నడిపే మౌంట్, ఐపీ అడ్రస్, డేటాబేస్ లాంటి ఒక్కో అంశం; గ్రూపు అంటే ఒకే నోడ్‌లో వరుసగా లేచే రిసోర్సుల జట్టు. గ్రూపులో చేర్చిన ప్రతి మౌంటూ డేటాబేస్ ఆగడానికి ఇంకో కారణం అవుతుంది. డేటా ఫైళ్లు, ట్రాన్సాక్షన్ లాగ్ ఉన్న మౌంట్లకు అది న్యాయమే, అవి లేకుండా డేటాబేస్‌కు అర్థమే లేదు. కానీ రాత్రిపూట డంప్ పడేసే డైరెక్టరీ మౌంట్ కాలేదని ప్రొడక్షన్ డేటాబేస్ రెండో నోడ్‌కు పరుగెత్తాలా? అక్కర్లేదు.

మాకు పనికొచ్చే పరీక్ష ఒకటే: "ఇది లేకుండా డేటాబేస్ ఒక గంట సరిగా నడుస్తుందా?" నడుస్తుంది అంటే దాన్ని కీలకమైన వాటితో సమానంగా కట్టకండి. పేస్‌మేకర్ 2.1.0 నుంచి క్రిటికల్ అనే మెటా ఆట్రిబ్యూట్ ఉంది. దాన్ని ఫాల్స్ అని పెడితే ఆ రిసోర్స్ పదేపదే విఫలమైనా గ్రూపు మొత్తాన్ని వేరే నోడ్‌కు లాగదు, అదొక్కటే ఆగిపోతుంది. అలాంటి దాన్ని గ్రూపులో చివర, డేటాబేస్ తర్వాత పెట్టండి.

ఆర్కైవ్ లాగ్ డైరెక్టరీది మధ్యస్థ పరిస్థితి. అది లేకపోయినా డేటాబేస్ కొంతసేపు నడుస్తుంది కానీ పాత లాగ్‌ను ఎక్కడా పంపలేక అసలు లాగ్ డిస్క్ నిండుకుంటూ వస్తుంది. దాన్ని కీలకమైనదిగానే లెక్కేయడం మంచిదని మా అభిప్రాయం.

మాది స్ట్రీమింగ్ రెప్లికేషన్, షేర్డ్ డిస్క్ లేదు. మాకూ ఇదంతా అవసరమా?

మౌంట్‌ను నోడ్ల మధ్య కదిలించే పని మీకు లేదు. ప్రతి నోడ్‌కూ సొంత డిస్క్ ఉంటుంది కాబట్టి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మామూలుగా రాసుకోవచ్చు. కానీ ఒక నియమం గట్టిగా పాటించాలి: కొత్త దారి ముందు స్టాండ్‌బైలో (కాపీ ఉండే నోడ్) సిద్ధం కావాలి, ఆ తర్వాతే ప్రైమరీలో (అసలు డేటాబేస్ నడిచే నోడ్) దాన్ని వాడుకోవాలి.

పోస్ట్‌గ్రెస్‌లో డేటా ఫైళ్లకు కొత్త చోటు చూపే క్రియేట్ టేబుల్‌స్పేస్ కమాండ్ లాగ్ ద్వారా స్టాండ్‌బైకి చేరుతుంది. అక్కడ అదే పేరుతో డైరెక్టరీ లేకపోతే రీప్లే అక్కడే ఆగిపోతుంది, స్టాండ్‌బై పడిపోతుంది. గట్టిగా అరుస్తుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. డీబీ2 సొంత రెప్లికేషన్ అయిన హెచ్‌ఏడీఆర్‌లో అలా కాదు. కంటైనర్ దారి దొరక్కపోతే స్టాండ్‌బైలో ఆ టేబుల్‌స్పేస్ ఒక్కటే రోల్‌ఫార్వర్డ్ పెండింగ్‌లోకి (రికవరీ కోసం ఆగిన స్థితి) వెళ్లి, మిగతా రెప్లికేషన్ మామూలుగా నడుస్తూ ఉంటుంది. డయాగ్ లాగ్ చూడనివాళ్లకు ఈ సంగతి స్టాండ్‌బైని ప్రైమరీగా మార్చే టేకోవర్ చేసిన రోజునే తెలుస్తుంది.

ఫైల్ సిస్టమ్ ఏది ఎంచుకోవాలి? రెండు నోడ్లు కదా, జీఎఫ్‌ఎస్2 పెట్టాలా?

ఒక సమయంలో ఒక్క నోడే వాడుకుంటుంటే, అనేక నోడ్లు ఒకేసారి వాడుకోవడానికి చేసిన జీఎఫ్‌ఎస్2 అక్కర్లేదు. దానికి డీఎల్‌ఎం లాకింగ్, ఎల్‌వీఎం లాక్ డీమన్ అన్నీ కావాలి. ఏ ప్రయోజనమూ లేకుండా చెడిపోయే భాగాలు పెరుగుతాయి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ చాలు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ సైజు తగ్గించడం కుదరదని గుర్తుంచుకోండి. ఈఎక్స్‌టీ4లో ఎంఎంపీ అనే రక్షణ ఉంది, అది వేరే నోడ్ వాడుతున్న డిస్క్‌ను మౌంట్ చేయనివ్వదు. అయితే ప్రతి మౌంట్‌కూ ముందు కొన్ని సెకన్లు ఆగి చూస్తుంది కాబట్టి ఫెయిలోవర్ ఆ మేరకు ఆలస్యమవుతుంది.

ఫెన్సింగ్ ఆపేసి ఉంది. ముందు మౌంట్లు పెట్టేసి అది తర్వాత చూసుకుంటే?

వద్దు. ఫెన్సింగ్ అంటే పలకని నోడ్‌ను ఆపేయడం, లేదా దాన్ని డిస్క్ మీద రాయనివ్వకపోవడం. షేర్డ్ డిస్క్ ఉన్న క్లస్టర్‌లో ఫెన్సింగ్ లేకపోతే నెట్‌వర్క్ తెగిన మరుక్షణం రెండో నోడ్ "అవతలివాడు పోయాడు" అనుకుని అదే డిస్క్‌ను మౌంట్ చేస్తుంది. అవతలివాడు పోలేదు, ఇంకా రాస్తూనే ఉన్నాడు. పద్ధతి ఐపీఎంఐ, ఎస్‌బీడీ, స్కసీ రిజర్వేషన్ ఏదైనా సరే, ఫెన్సింగ్ పనిచేస్తోందని చూసుకున్నాకే మొదటి మౌంట్ చేర్చండి.

## డిస్క్, వాల్యూమ్ సిద్ధం చేసేటప్పుడు

ఒక నోడ్‌లో డిస్క్ పేరు ఎస్‌డీసీ, ఇంకో నోడ్‌లో ఎస్‌డీఈ. రిసోర్స్‌లో ఏది రాయాలి?

రెండూ రాయకండి. ఆ పేర్లు డిస్కులు కనిపించిన వరుసను బట్టి వస్తాయి, రీబూట్‌కు మారిపోవచ్చు. ఎల్‌వీఎం (డిస్కులను కలిపి వాల్యూమ్‌లుగా పంచే లైనక్స్ సదుపాయం) వాడుతుంటే వాల్యూమ్ గ్రూప్, లాజికల్ వాల్యూమ్ పేర్లతో ఉన్న దారి రాయండి, అది రెండు చోట్లా ఒకటే. ఎల్‌వీఎం లేకపోతే బై-ఐడీ కింద ఉన్న శాశ్వత పేరు రాయండి.

మల్టీపాత్ (ఒకే డిస్క్‌కు పలు దారులు) ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. ఎంపాత్‌ఏ, ఎంపాత్‌బీ లాంటి పేర్లు ప్రతి నోడ్ తన సొంత బైండింగ్స్ ఫైల్ చూసి ఇస్తుంది. ఒక నోడ్‌లో ఎంపాత్‌సీ అయినది ఇంకో నోడ్‌లో వేరే లన్ (స్టోరేజీ ఇచ్చే డిస్క్) కావచ్చు. డబ్ల్యూడబ్ల్యూఐడీ (డిస్క్ సొంత గుర్తింపు) సరిచూసి, మల్టీపాత్ కాన్ఫిగరేషన్‌లో మీరే అలియాస్ పెట్టి అదే ఫైలును రెండు నోడ్లకూ కాపీ చేయండి.

ఒక నోడ్‌లో వాల్యూమ్ గ్రూప్ చేశాను. రెండో నోడ్‌లో కనిపించట్లేదు. ఎందుకు?

వరుసగా మూడు చూడండి. మొదటిది, రెండో నోడ్ అసలు ఆ లన్‌ను చూస్తోందా? స్టోరేజీ వైపు జోనింగ్, మ్యాపింగ్ ఒక్క నోడ్‌కే చేసి వదిలేయడం తరచుగా జరిగేదే. స్కసీ బస్‌ను మళ్లీ స్కాన్ చేసి మల్టీపాత్ లిస్టింగ్ చూడండి. రెండోది, ఎల్‌వీఎం ఫిల్టర్ ఆ డిస్క్‌ను తోసిపుచ్చుతోందా? మూడోది రెడ్ హ్యాట్ 9 లాంటి కొత్త వెర్షన్లలో వచ్చేది: అక్కడ ఎల్‌వీఎం డివైజెస్ ఫైల్ అప్రమేయంగా పనిచేస్తుంది. పీవీ క్రియేట్ (డిస్క్‌ను ఎల్‌వీఎంకు అప్పగించే కమాండ్) చేసిన నోడ్‌లో ఎంట్రీ దానంతటదే పడుతుంది, రెండో నోడ్‌లో పడదు. అక్కడ ఎల్‌వీఎండివైజెస్ కమాండ్‌తో డిస్క్‌ను మీరే చేర్చాలి.

బూట్ కాగానే రెండు నోడ్లలోనూ వాల్యూమ్ గ్రూప్ యాక్టివ్ అయిపోతోంది. ఎలా ఆపాలి?

రెండు నోడ్లలోనూ ఎల్‌వీఎం కాన్ఫిగరేషన్‌లో సిస్టమ్ ఐడీ సోర్స్‌ను యూనేమ్ అని పెట్టండి. ఆ తర్వాత సృష్టించిన వాల్యూమ్ గ్రూప్ మీద యజమాని నోడ్ పేరు ముద్ర పడుతుంది, వేరే నోడ్ దాన్ని యాక్టివేట్ చేయలేదు. ఫెయిలోవర్ వేళ ఆ ముద్రను మార్చే పని ఎల్‌వీఎం-యాక్టివేట్ ఏజెంట్ చూసుకుంటుంది, దాని యాక్సెస్ మోడ్‌ను సిస్టమ్ ఐడీ అని ఇవ్వండి. ఆ సెట్టింగ్‌కు ముందే చేసిన వాల్యూమ్ గ్రూపులకు ముద్ర ఉండదు, వీజీఎస్ అవుట్‌పుట్‌లో సిస్టమ్ ఐడీ కాలమ్ అడిగి చూడండి. యజమాని నోడ్‌లోనూ బూట్ వేళ దానంతటదే లేవకుండా ఆటో యాక్టివేషన్ ఆపేయండి. యాక్టివేట్ చేయాల్సింది క్లస్టర్ ఒక్కటే.

మౌంట్ పాయింట్ డైరెక్టరీ రెండు నోడ్లలోనూ చేయాలా? ఓనర్, పర్మిషన్లు ఎక్కడ పెట్టాలి?

డైరెక్టరీ రెండు చోట్లా ఉండాలి. ఓనర్, పర్మిషన్లు మాత్రం మౌంట్ చేశాక, లోపల పెట్టాలి. అవి డిస్క్ మీద ఉంటాయి కాబట్టి ఒక్కసారి పెడితే చాలు.

మౌంట్ కాని ఖాళీ డైరెక్టరీని రూట్ పేరు మీదే ఉంచి, ఎవరికీ రాసే హక్కు లేకుండా చేయండి. ఇంకా గట్టిగా కావాలంటే చాట్ఆర్ కమాండ్‌తో దానికి ఇమ్యూటబుల్ గుర్తు పెట్టండి, దాని మీద మౌంట్ చేయడానికి ఏ అడ్డూ ఉండదు. ఇలా ఎందుకంటే, మౌంట్ లేని సమయంలో ఏదైనా స్క్రిప్ట్ అక్కడ రాస్తే ఫైళ్లు రూట్ డిస్క్ మీద పడతాయి. తర్వాత అసలు మౌంట్ వచ్చి వాటిని కప్పేస్తుంది. డీఎఫ్ (డిస్క్ మొత్తం వాడకం) చూస్తే రూట్ నిండుగా, డీయూ (కనిపించే ఫైళ్ల సైజు) చూస్తే ఏమీ లేనట్టు. గంటల తరబడి తల పట్టుకోవడం ఖాయం.

డేటాబేస్‌కు మౌంట్ పాయింట్‌నే నేరుగా ఇవ్వకుండా దాని లోపల ఒక డైరెక్టరీ చేసి అది ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ కూడా ఇదే సలహా ఇస్తుంది. మౌంట్ లేకపోతే లోపలి డైరెక్టరీ కూడా ఉండదు కాబట్టి డేటాబేస్ ఖాళీ చోట మొదలవకుండా శుభ్రంగా విఫలమవుతుంది.

ఇంకో రెండు: డేటాబేస్ యూజర్ యూఐడీ, జీఐడీ నంబర్లు రెండు నోడ్లలో ఒకటే ఉండాలి, పేరు ఒకటైతే చాలదు. ఎస్‌ఈలైనక్స్ (లేబుళ్లను బట్టి అనుమతులిచ్చే లైనక్స్ భద్రతా వ్యవస్థ) ఉంటే లేబుల్ డిస్క్ మీద ఉంటుంది కానీ ఆ దారికి సంబంధించిన నియమం నోడ్‌లో ఉంటుంది. నియమాన్ని రెండు నోడ్లలోనూ చేర్చండి.

మేం ఫెన్స్ స్కసీ వాడుతున్నాం. కొత్త డిస్క్‌కు అదనంగా ఏమైనా చేయాలా?

చేయాలి, చాలామంది వదిలేసేది ఇదే. స్కసీ రిజర్వేషన్‌తో చేసే ఫెన్సింగ్ నోడ్‌ను ఆపదు, తన జాబితాలో ఉన్న డిస్కుల మీద రాయనివ్వదు, అంతే. కొత్త డిస్క్ జాబితాలో లేకపోతే ఫెన్సింగ్ విజయవంతం అని చూపిస్తూనే పాత నోడ్ ఆ ఒక్క డిస్క్ మీద రాస్తూ ఉండగలదు. డివైజెస్ జాబితాలో కొత్తదాన్ని చేర్చండి. మామూలు అప్‌డేట్ కమాండ్‌తో మారిస్తే నడుస్తున్న రిసోర్సులు రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. పేస్‌మేకర్‌కు కమాండ్లిచ్చే సాధనం పీసీఎస్ కొత్త వెర్షన్లలో దీనికోసమే అప్‌డేట్-స్కసీ-డివైజెస్ అనే సబ్‌కమాండ్ ఉంది, అది వాడండి. డిస్క్ మూడో తరం పర్సిస్టెంట్ రిజర్వేషన్లను సపోర్ట్ చేయాలి, ఆ సంగతి స్టోరేజీ టీమ్‌ను ముందే అడగండి.

## క్లస్టర్‌లో చేర్చేటప్పుడు

నడుస్తున్న డేటాబేస్‌ను ఆపకుండా కొత్త మౌంట్ చేర్చవచ్చా?

చేర్చవచ్చు, జాగ్రత్తగా చేస్తే. ముందు ప్రమాదం ఎక్కడుందో చూడండి. పేస్‌మేకర్ గ్రూపులో వరుస తప్పనిసరి. డేటాబేస్‌కు ముందు కొత్త రిసోర్స్ పెట్టి, అది ఇంకా ఆగి ఉన్న స్థితిలో ఉంటే, క్లస్టర్ దాన్ని స్టార్ట్ చేయాలనుకుంటుంది. ముందున్నది కొత్తగా స్టార్ట్ అవుతుంటే తర్వాతది నడుస్తున్నా సరే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడం దాని నియమం. అంటే పగటిపూట నిశ్చింతగా కొట్టిన ఒక కమాండ్ డేటాబేస్‌ను రీస్టార్ట్ చేస్తుంది.

దీన్ని తప్పించాలంటే, క్లస్టర్ చూసే సమయానికి మౌంట్ అప్పటికే సరైన నోడ్‌లో ఉండాలి. ముందు క్లస్టర్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు డేటాబేస్ నడుస్తూనే ఉంటుంది, క్లస్టర్ మాత్రం చేతులు కట్టుకుని ఉంటుంది. డేటాబేస్ ఉన్న నోడ్‌లో వాల్యూమ్ గ్రూప్‌ను చేత్తో యాక్టివేట్ చేసి, మౌంట్ చేయండి. తర్వాత రిసోర్సులను గ్రూపులో సరైన చోట, అంటే డేటాబేస్‌కు ముందు వచ్చేలా బిఫోర్ ఆప్షన్‌తో చేర్చండి. కొత్త రిసోర్స్‌ను చూడగానే పేస్‌మేకర్ ప్రతి నోడ్‌లో ఒకసారి ప్రోబ్ చేస్తుంది, అంటే అది అక్కడ నడుస్తోందా అని చూస్తుంది. స్టేటస్‌లో అది మీరు మౌంట్ చేసిన నోడ్‌లో స్టార్టెడ్ అని కనిపించాలి. ఆగి ఉందని చూపిస్తే డివైజ్ దారో డైరెక్టరీ పేరో సరిపోలలేదు, అక్కడే ఆగి సరిచేయండి.

మెయింటెనెన్స్ తీసే ముందు ఒక్క మెట్టు వదలకండి. ప్రస్తుత సీఐబీని (క్లస్టర్ కాన్ఫిగరేషన్, స్థితి) ఒక ఫైలుగా దించి, ఆ ఫైలులో మాత్రమే మెయింటెనెన్స్ మోడ్ తీసేసి, దాని మీద సీఆర్ఎం సిమ్యులేట్ (క్లస్టర్ ఏం చేయబోతోందో చూపే సాధనం) నడపండి. డేటాబేస్ రిసోర్స్ పక్కన స్టాప్, రీస్టార్ట్, మూవ్ ఏదీ కనిపించకూడదు. కనిపించకపోతే నిజంగా తీయండి. ఇంత చేసినా ఈ పనిని రద్దీ లేని వేళలోనే పెట్టుకోండి. మెయింటెనెన్స్ మోడ్‌లో ఉన్నంతసేపూ ఫెయిలోవర్ జరగదు, ఆ కాసేపు మీరే క్లస్టర్.

గ్రూపులో వరుస ఎలా ఉండాలి?

గ్రూపు రాసిన వరుసలో లేస్తుంది, తలకిందులుగా ఆగుతుంది. కాబట్టి ముందు వాల్యూమ్ గ్రూప్ యాక్టివేషన్, తర్వాత ఫైల్ సిస్టమ్‌లు, తర్వాత ఐపీ అడ్రస్, ఆఖరున డేటాబేస్ (కీలకం కాని మౌంట్లుంటే దాని తర్వాత). ఒక మౌంట్ లోపల ఇంకో మౌంట్ ఉంటే బయటిది ముందు రావాలి, లేదంటే లోపలిదాన్ని బయటిది కప్పేస్తుంది. మౌంట్ డీఆర్‌బీడీ (నోడ్ల మధ్య డిస్క్‌ను కాపీ చేసేది) మీద ఉంటే ఆ డీఆర్‌బీడీని గ్రూపులో పెట్టలేరు. డీఆర్‌బీడీ ప్రమోట్ అయ్యాకే (రాసే వైపుగా మారాకే) గ్రూపు స్టార్ట్ కావాలని ఒక ఆర్డర్, ప్రమోట్ అయిన నోడ్‌లోనే గ్రూపు ఉండాలని ఒక కోలొకేషన్ విడిగా రాయాలి.

గ్రూపు పేరు ఇవ్వకుండా రిసోర్స్ క్రియేట్ చేసేశాను. వేరే నోడ్‌లో మౌంట్ అయింది. ఇప్పుడెలా?

కంగారు పడకండి. ఏ షరతూ లేని రిసోర్స్‌ను క్లస్టర్ తనకు నచ్చిన నోడ్‌లో లేపుతుంది, అది సహజం. దాన్ని ఇప్పటికిప్పుడు గ్రూపులో చేర్చకండి, అలా చేస్తే డేటాబేస్ కూడా కదలొచ్చు. ముందు ఆ రిసోర్స్‌ను డిసేబుల్ చేసి, అన్‌మౌంట్ అయిందో లేదో చూసి, డిలీట్ చేసి, మళ్లీ గ్రూపు పేరుతో సృష్టించండి. వాల్యూమ్ గ్రూప్ ముద్ర వేరే నోడ్ పేరు మీదకు మారి ఉంటే అదీ సరిచేయాలి.

స్టార్ట్, స్టాప్ టైమ్‌అవుట్‌లు ఎంత పెట్టాలి?

ఫైల్‌సిస్టమ్ ఏజెంట్ స్టార్ట్‌కు, స్టాప్‌కు 60 సెకన్లు సూచిస్తుంది. మామూలు రోజుల్లో మౌంట్ సెకనులో అయిపోతుంది కాబట్టి అది ఎక్కువనిపిస్తుంది. కానీ మీకు టైమ్‌అవుట్ అవసరమయ్యేది మామూలు రోజున కాదు. కరెంటు పోయి నోడ్ పడిపోయాక జర్నల్ రీప్లే కావాలి, ఒకటి రెండు స్టోరేజీ దారులు కూడా చచ్చి ఉండొచ్చు. పెద్ద ఫైల్ సిస్టమ్‌లకు స్టార్ట్ పెంచండి.

స్టాప్ విషయంలో ఇంకా ఉదారంగా ఉండండి. స్టార్ట్ విఫలమైతే క్లస్టర్ వేరే నోడ్‌లో ప్రయత్నిస్తుంది, స్టాప్ విఫలమైతే మాత్రం నోడ్‌నే ఫెన్స్ చేస్తుంది.

మానిటర్ ఓకే అంటోంది, కానీ డిస్క్ చచ్చిపోయి ఉంది. ఇదెలా సాధ్యం?

మానిటర్ అంటే క్లస్టర్ తరచూ చేసే తనిఖీ. అప్రమేయంగా అది చూసేది "మౌంట్ జాబితాలో ఉందా" అని మాత్రమే. అడుగున డిస్క్ పోయినా కర్నెల్ జాబితాలో మౌంట్ అలాగే ఉంటుంది. చెక్ లెవెల్ 10 పెడితే డివైజ్ నుంచి నిజంగా చదివి చూస్తుంది. 20 పెడితే ఫైల్ సిస్టమ్ మీద ఒక చిన్న స్టేటస్ ఫైలు రాసి చదువుతుంది.

20 బాగుంది కదా అని అన్నిటికీ పెట్టేయకండి. డిస్క్ నిండితే ఆ చిన్న రాత కూడా విఫలం కావచ్చు, దాంతో క్లస్టర్ ఫెయిలోవర్ చేస్తుంది, అవతలి నోడ్‌లోనూ అదే నిండిన డిస్క్. ఏ లాభమూ లేదు, డౌన్‌టైమ్ మాత్రం మిగులుతుంది. డేటా, లాగ్ మౌంట్లకు 20 పెడితే, డిస్క్ నిండకముందే అరిచే అలర్ట్ విడిగా తప్పనిసరి. రాయలేని స్థితిని డేటాబేసులు కూడా సొంతంగా పట్టుకుంటాయి, ఉదాహరణకు ఇప్పటి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే పానిక్ అయి ఆగుతుంది. కాబట్టి చాలాచోట్ల 10 సరిపోతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌ను డేటాబేస్‌కు ఇవ్వొచ్చా?

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే నెట్‌వర్క్ మీద వేరే సర్వర్ ఇచ్చే ఫైల్ సిస్టమ్. ఇవ్వొచ్చు, సర్వర్ పలికేదాకా ఆగే హార్డ్ మౌంట్ అయితేనే. సాఫ్ట్ పెడితే సర్వర్ కాసేపు పలకకపోగానే రాత విఫలమైందని అప్లికేషన్‌కు చెప్పేస్తుంది, డేటా పాడయ్యే దారి అదే. హార్డ్ మౌంట్‌కు ఇంకో బాధ ఉంది: సర్వర్ పోతే ప్రాసెస్‌లు వేలాడతాయి, అన్‌మౌంట్ కూడా వేలాడుతుంది, చివరికి స్టాప్ టైమ్‌అవుట్ దాటి నోడ్ ఫెన్స్ అవుతుంది. అది నచ్చకపోయినా డేటా పోవడం కంటే నయం. మెషీన్ షట్‌డౌన్ వేళ పేస్‌మేకర్ కంటే ముందు ఎన్‌ఎఫ్‌ఎస్, ఐస్కసీ సర్వీసులు ఆగకుండా చూడండి. సిస్టమ్‌డీలో రిసోర్స్-ఏజెంట్స్-డెప్స్ టార్గెట్ ఉన్నది ఇందుకే.

డీబీ2 అయితే మౌంట్లను తనే క్లస్టర్‌లో చేర్చుకుంటుందంటారు. నిజమేనా?

డీబీ2 9.5తో వచ్చిన డీబీ2హెచ్‌ఏఐసీయూ పద్ధతిలో అది నిజం. డేటాబేస్ మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో క్లస్టర్ మేనేజర్ పేరు నమోదై ఉంటే, స్టోరేజీకి సంబంధించిన మార్పులను డీబీ2 తనే టివోలి సిస్టమ్ ఆటోమేషన్‌కు తెలియజేస్తుంది. దానికి రెండు నోడ్లలోనూ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఆటోతో ఎంట్రీ సిద్ధంగా ఉండాలి. అయినా చేర్చిందని నమ్మి వదిలేయకండి, కొత్త మౌంట్ రిసోర్స్ జాబితాలో కనిపిస్తోందో లేదో చూడండి. మీది లైనక్స్ మీద పేస్‌మేకర్‌తో వచ్చే డీబీ2 అయితే అక్కడి సాధనం డీబీ2సీఎం. ఆ క్లస్టర్‌ను చేత్తో పీసీఎస్ కమాండ్లతో మార్చకండి.

## చేర్చాక పరీక్షించేటప్పుడు

మౌంట్ కనిపిస్తోంది, స్టేటస్ పచ్చగా ఉంది. టేబుల్‌స్పేస్ సృష్టించేయవచ్చా?

ఇంకా కాదు. ఇప్పటిదాకా రుజువైంది ఒక్క నోడ్ సంగతే. ఖాళీ మౌంట్‌గా ఉన్నప్పుడే రెండో నోడ్‌కు మార్చి చూడండి, ఇప్పుడు విఫలమైతే నష్టమేమీ లేదు, తీసేసి మళ్లీ చేసుకోవచ్చు. డేటా పెట్టాక విఫలమైతే డేటాబేసే లేవదు.

డౌన్‌టైమ్ అనుమతి తీసుకుని, పనిచేస్తున్న నోడ్‌ను స్టాండ్‌బైలో (ఇక్కడ, రిసోర్సులేవీ నడపని స్థితి) పెట్టండి. గ్రూపు మొత్తం అవతలికి వెళ్లాలి. అక్కడ డేటాబేస్ యూజర్‌గా లాగిన్ అయి కొత్త మౌంట్‌లో ఒక ఫైలు రాసి చెరపండి, రూట్‌గా రాస్తే పర్మిషన్ తప్పులు బయటపడవు. తర్వాత మళ్లీ వెనక్కి తెండి. తిరుగు ప్రయాణంలోనే పాత నోడ్‌లో మిగిలిపోయిన ఆటో యాక్టివేషన్ లాంటివి దొరుకుతాయి. వీలైతే ఒక నోడ్ పవర్ తీసి కూడా చూడండి. శుభ్రంగా ఆగిన ఫెయిలోవర్, కూలిపోయిన ఫెయిలోవర్ ఒకటి కావు.

స్టాండ్‌బై బదులు రిసోర్స్ మూవ్ కమాండ్ వాడితే పాత పీసీఎస్ వెర్షన్లలో ఒక లొకేషన్ షరతు మిగిలిపోతుంది. అది తీసేయకపోతే గ్రూపు ఎప్పటికీ వెనక్కి రాదు.

స్టాండ్‌బై పెడితే అన్‌మౌంట్ కాలేదు, నోడ్ రీబూట్ అయిపోయింది. ఎందుకు?

ఎవరో ఆ మౌంట్‌ను పట్టుకుని ఉన్నారు. ఏజెంట్ మామూలుగా ఫోర్స్ అన్‌మౌంట్‌తో, అక్కడ ఫైళ్లు తెరిచిన ప్రాసెస్‌లను వెతికి చంపి మరీ అన్‌మౌంట్ చేస్తుంది. ఎవరైనా ఆ డైరెక్టరీలో షెల్ తెరిచి వదిలేసినా దాని పని పడుతుంది. కానీ ఏ ప్రాసెసూ లేకుండా పట్టుకునేవి దానికి చిక్కవు: ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్, లూప్ డివైజ్, లోపల క్లస్టర్‌కు తెలియకుండా చేసిన ఇంకో మౌంట్, కంటైనర్‌లో బైండ్ మౌంట్. మౌంట్‌ను వాడుతున్న ప్రాసెస్‌లను చూపే ఎఫ్‌యూజర్‌లో ఏమీ కనిపించకపోతే వీటిని అనుమానించండి. బ్యాకప్, యాంటీవైరస్ ఏజెంట్లు కూడా తరచుగా దొరికేవే.

## ఆ తర్వాత రోజుల్లో

మౌంట్ సైజు పెంచాలి. క్లస్టర్‌లో ఏమైనా మార్చాలా?

రిసోర్స్‌లో ఏమీ మార్చక్కర్లేదు. స్టోరేజీలో లన్ పెంచాక, ప్రతి దారినీ మళ్లీ స్కాన్ చేసి, మల్టీపాత్ మ్యాప్ రీసైజ్ చేసి, పీవీ రీసైజ్, ఎల్‌వీ ఎక్స్‌టెండ్, ఆపైన ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రో. డేటాబేస్ నడుస్తుండగానే చేయవచ్చు. మర్చిపోయేది రెండో నోడ్. అక్కడ కూడా డిస్క్‌ను మళ్లీ స్కాన్ చేసి మల్టీపాత్ మ్యాప్ పెంచాలి. లేకపోతే అది పాత సైజునే చూస్తూ ఉంటుంది. ఫెయిలోవర్ వేళ డిస్క్ తన మీదున్న పీవీ కంటే చిన్నదని ఎల్‌వీఎం గోల చేసి, వాల్యూమ్ యాక్టివేట్ కాదు.

మౌంట్ బాగానే ఉంది, కానీ స్టేటస్‌లో ఫెయిల్డ్ యాక్షన్ అలాగే ఉంది. పట్టించుకోవాలా?

కారణం తెలుసుకున్నాక క్లీనప్ చేయండి. వైఫల్యాల లెక్క అలాగే ఉంటే క్లస్టర్ ఆ నోడ్‌ను పనికిరానిదిగా చూస్తుంది. ముఖ్యంగా స్టార్ట్ ఒక్కసారి విఫలమైనా, అప్రమేయ సెట్టింగ్‌లో ఆ నోడ్‌కు మళ్లీ వెళ్లదు. అసలు అవసరమైన రోజున వెళ్లడానికి చోటుండదు.

స్నాప్‌షాట్ కాపీని అదే నోడ్‌లో మౌంట్ చేయబోతే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోవట్లేదు.

అసలుదానికీ కాపీకీ యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్య) ఒకటే కాబట్టి. నోయూయూఐడీ ఆప్షన్‌తో మౌంట్ చేయండి. అసలు రిసోర్స్‌లో యూయూఐడీతో డివైజ్ చూపించి ఉంటే మాత్రం, స్నాప్‌షాట్ కనిపించే నోడ్‌లో క్లస్టర్ తప్పు డిస్క్‌ను మౌంట్ చేసే ప్రమాదం ఉంది.

విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్. కొత్త మౌంట్ పాయింట్ మీద ఫైలు పెడితే 5184 ఎర్రర్ వస్తోంది.

డిస్క్‌ను క్లస్టర్‌లో చేర్చారు కానీ ఎస్‌క్యూఎల్ సర్వర్ రిసోర్స్‌కు దాని మీద డిపెండెన్సీ పెట్టలేదు. డిస్క్‌ను అదే రోల్‌లోకి తెచ్చి, ఎస్‌క్యూఎల్ సర్వర్ రిసోర్స్ డిపెండెన్సీల్లో చేర్చండి. మౌంట్ అయిన డిస్క్ కూడా తనను మోస్తున్న డ్రైవ్ లెటర్ డిస్క్ మీద ఆధారపడేలా పెట్టాలి, లేకపోతే ఏది ముందు లేస్తుందో చెప్పలేం.

పాత మౌంట్ ఒకటి తీసేయాలి. రిసోర్స్ డిలీట్ చేస్తే చాలా?

నేరుగా డిలీట్ కొట్టకండి. డిలీట్ ముందుగా రిసోర్స్‌ను ఆపుతుంది. గ్రూపులో దాని తర్వాత ఉన్నవన్నీ, అంటే డేటాబేస్ కూడా, దానితోపాటు ఆగుతాయి. ముందు డేటాబేస్‌లో ఆ దారిని వాడేది ఏదీ లేదని నిర్ధారించుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌స్పేస్ డ్రాప్ అయిందా, టెంపరరీ ఫైళ్లకు కేటాయించిన దారి అదేనా అన్నవి కూడా చూడాలి. తర్వాత మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి రిసోర్స్‌ను గ్రూపు నుంచి విడదీయండి, సిమ్యులేషన్‌లో డేటాబేస్ కదలదని చూసుకోండి. అది బయటికొచ్చాక ఆపి, డిలీట్ చేసి, ఫెన్సింగ్ జాబితాలో ఆ డిస్క్ ఉంటే తీసి, చివరగా లన్‌ను రెండు నోడ్ల నుంచీ తొలగించండి. స్టోరేజీ టీమ్ ముందే లన్‌ను లాగేస్తే మల్టీపాత్ చచ్చిన దారుల కోసం వెతుకుతూ ఎల్‌వీఎం కమాండ్లన్నీ వేలాడతాయి. కాబట్టి వాళ్లకు ఆఖరి మెట్టు అయ్యాకే కబురు పెట్టండి.